నత్తక్క పరుగు తీసిన రోజు

మంగళవారం ఉదయం పదిన్నరకు నత్తక్క మైక్రోస్కోపులో కన్ను పెట్టింది. పదకొండయినా తియ్యలేదు. పక్క బల్ల దగ్గరివాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని నవ్వుకున్నారు. ఆవిడ నెమ్మది వాళ్లకు కొత్తేం కాదు. ఆ పెద్దాసుపత్రి ల్యాబులో చేరి పదకొండేళ్లయినా ఆవిడను అసలు పేరుతో పిలిచిన నాథుడు లేడు. మిగతావాళ్లు పది స్లైడ్లు చూసి చేతులు దులుపుకునేసరికి ఆవిడ నాలుగు చూసేది. ఆ నాలుగింటిని మాత్రం మళ్లీ చూడాల్సిన అవసరం ఎవరికీ వచ్చేది కాదు.

ఆవిడ పని చెప్పడానికి తేలిక, చెయ్యడానికి కష్టం. ఎలుక మెదడుని ఉల్లిపొరకన్నా పలచగా కోసి గాజుపలక మీద పరచాలి. రోగి రక్తం నుంచి తేర్చిన నీటిని దాని మీద చుక్క వెయ్యాలి. ఆ రోగి ఒంట్లో మెదడుకి గిట్టని యాంటీబాడీలు ఉంటే అవి వచ్చి ఆ పొరను కరుచుకుంటాయి. పైన వేసే రంగు వాటిని పట్టుకుని ఆకుపచ్చగా వెలుగుతుంది. లేకపోతే అంతా చీకటే.

ఆ రోజు నలభై ఏడో నంబరు నమూనా పూర్తిగా చీకటీ కాదు, వెలుగూ కాదు. సముద్రపు గుర్రంలా వంపు తిరిగిన ఆ భాగంలో, మనిషికైనా ఎలుకకైనా కొత్త సంగతులు ముందుగా గుర్తుండిపోయే ఆ చోట, పొగమంచులాంటి పచ్చదనం. ఉందంటే ఉంది, లేదంటే లేదు. రెడీమేడ్ కిట్టుతో చేసిన పరీక్షయితే ఖరాఖండిగా లేదనే చెప్పింది.

"సార్, ఒకసారి చూస్తారా?" అంది నత్తక్క.

ల్యాబు హెడ్డుగారు నిలబడే ఒక్క క్షణం కన్ను పెట్టారు. ఆయనకు పని గుర్రం మీద వచ్చినట్టే ఉంటుంది ఎప్పుడూ. "ఏముందమ్మా ఇందులో? రంగు సరిగ్గా కడగలేదేమో. కిట్టు లేదంది కదా, నెగెటివ్ అని రాసెయ్."

"మూడుసార్లు కడిగాను సార్."

"నాలుగోసారి కడగాల్సింది." అంటూనే ఆయన పక్క గదిలోకి వెళ్లిపోయారు.

నత్తక్క నమూనాతో వచ్చిన చీటీ తీసి చదివింది. ఇరవై మూడేళ్ల అమ్మాయి. పదిహేను రోజులుగా ప్రవర్తన మారింది. ఎవరో తనతో మాట్లాడుతున్నారంటుంది. రెండుసార్లు ఫిట్స్. కింద ఎర్రసిరాతో ఇంకో ముక్క రాసి ఉంది: రక్తపరీక్ష నెగెటివ్ వస్తే సాయంత్రం నాలుగింటికి మానసిక వైద్యశాలకు తరలింపు.

పాఠాల్లో చదివింది, శిక్షణలో విన్నది అంతా ఒక్కసారి కళ్లముందుకొచ్చింది. ఒంటి యాంటీబాడీలే మెదడు మీద తిరగబడే జబ్బులో, కొందరికి అవి రక్తంలో దొరకవు. వెన్నెముకలోంచి సూదితో తీసే వెన్ను నీటిలో దొరుకుతాయి. మరి వెన్ను నీరు పంపలేదేం? చీటీ అటూ ఇటూ తిప్పి చూసింది. ఎవరూ తియ్యలేదు. తలనొప్పి ఉందా, జ్వరం వచ్చిందా అన్న గడులు కూడా ఖాళీగా ఉన్నాయి.

ఫోను చేస్తే వార్డులో ఎవరూ ఎత్తలేదు. రెండోసారి ఎత్తి, "ఆగండి" అని పక్కన పెట్టేశారు. నత్తక్క రిసీవరు పెట్టేసి, చేతి తొడుగులు విప్పి చెత్తబుట్టలో వేసి, లేచి నిలబడింది. పదకొండేళ్లలో ఆవిడ ఆ వార్డున్న నాలుగో అంతస్తుకు ఎక్కడం అదే మొదలు.

*

వార్డులో కిటికీ పక్క మంచం. మంచం పక్క స్టూలు మీద ఖాకీ యూనిఫాంలో ఒక పెద్దమనిషి, సిటీబస్సు డ్రైవరు. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు, చేతిలో టిఫిన్ డబ్బా ఇంకా మూతపెట్టే ఉంది. మంచం మీది అమ్మాయిని చూసి నత్తక్క గుమ్మంలోనే ఆగిపోయింది.

వాళ్ల వీధి పోస్టమ్మాయి!

పొద్దున్నే సైకిలు గంట మోగించుకుంటూ, గేటు గేటుకీ ఒక కబురు చెప్పుకుంటూ పోయే పిల్ల. తొమ్మిదివందల ఇళ్ల నంబర్లు, మనుషుల పేర్లు, ఎవరింట్లో కుక్క కరుస్తుందో ఎవరింట్లో మొరిగి ఊరుకుంటుందో, అన్నీ నోటికి. నత్తక్క అత్తగారు రిటైరయిన టెలిఫోన్ ఆపరేటరు. నలభై ఏళ్లనాటి ఫోను నంబర్లు ఆవిడకీ నోటికే. ఇద్దరికీ గేటు దగ్గర రోజూ పోటీ. "స్టేషను ఎదురు మందులకొట్టు నంబరు చెప్పండి బామ్మగారూ" అని ఇది, "మూలమీద నీలం గేటు వాళ్లబ్బాయి ఇంటిపేరు చెప్పవే" అని ఆవిడ.

అలాంటి పిల్ల రెండు వారాల క్రితం వాళ్లింటికి ఎవరివో ఉత్తరాలు వేసి వెళ్లింది. మర్నాడూ అంతే. మూడో రోజు గేటు దగ్గర నిలబడి అత్తగారిని ఎగాదిగా చూసి, "మీరెవరు?" అంది. అత్తగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నాతో పరాచికాలా? రేపటినుంచి నీతో మాట్లాడితే ఒట్టు" అని తలుపు వేసుకుంది.

ఇప్పుడా పిల్ల కళ్లు తెరుచుకునే ఉన్నాయిగాని ఎవరినీ చూడ్డంలేదు. నోట్లో ఏమీ లేకపోయినా దవడలు నములుతున్నట్టు కదులుతున్నాయి. కుడిచెయ్యి గాల్లోకి లేచి, ఎవరో దారం కట్టి వేలాడదీసినట్టు అలాగే నిలిచిపోయింది. స్టూలు మీది తండ్రి ఆ చేతిని మెల్లగా కిందికి దించుతున్నాడు. అది మళ్లీ లేస్తోంది.

"ఏమండీ, దీనంతటికీ ముందు జ్వరం ఏమైనా వచ్చిందా పాపకి?" అడిగింది నత్తక్క, తనెవరో చెప్పకుండానే.

అతను తలెత్తాడు. "వచ్చిందమ్మా. నాలుగు రోజులు జ్వరం, పగిలిపోయే తలనొప్పి. అది తగ్గాకే ఈ గొడవ మొదలైంది. ఇక్కడెవరూ అడగలేదు మరి. మా బంధువులైతే ఏ ప్రేమ వ్యవహారమో చెడి పిచ్చిపట్టిందంటున్నారు. నా కూతురికి పిచ్చి లేదమ్మా. బస్సు బండిలో ఏదో ఒక వైరు ఊడితే హారను మోగదు, దీపం వెలగదు. అంతమాత్రాన బండి పోయినట్టా?"

అప్పుడే ఫైలు పట్టుకుని వచ్చిన డాక్టరమ్మకు పాతికేళ్లు మించి ఉండవు. ఆ వార్డుకి వచ్చి రెండు నెలలే. నిద్రలేక కళ్లు పీక్కుపోయి ఉన్నాయి.

"మీరెవరండీ?"

"కింద ల్యాబు నుంచండీ. నలభై ఏడో నంబరు నేనే చూశాను. వెన్ను నీరు కావాలి మేడం."

"రిపోర్టు నెగెటివ్ అని మీ హెడ్డుగారు ఇప్పుడే ఫోనులో చెప్పారే!"

"ఇంకా సంతకం కాలేదు. కిట్టు లేదంది, నిజమే. కాని మెదడు పొర మీద ఏదో ఉంది. నాకు అనుమానం తీరలేదు." నత్తక్క గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. "మేడం, ఈ పిల్ల మా వీధి పోస్టమ్మాయి. రెండు వారాల కిందట శుక్రవారం దాకా ఒక్క ఉత్తరం తప్పు వెయ్యలేదు. సోమవారం నుంచి అన్నీ తప్పే. మూడు రోజులకి మనిషినే గుర్తుపట్టలేదు. దానికి ముందు జ్వరం, తలనొప్పి. ఇప్పుడు ఆ నోరు చూడండి, ఆ చెయ్యి చూడండి. పిచ్చి ఇలా తారీఖు వేసుకుని వస్తుందా?"

డాక్టరమ్మ ఫైలు మూసింది. మంచం దగ్గరికి వెళ్లి ఆ దవడ కదలికను చాలాసేపు చూసింది. తండ్రితో జ్వరం సంగతి మళ్లీ మొదటినుంచి చెప్పించుకుంది. ఆమె ముఖంలో నిద్రమత్తు వదిలిపోవడం నత్తక్కకు స్పష్టంగా కనిపించింది.

"నాలుగింటికి అంబులెన్సు వస్తుంది. మీ పరీక్షకు ఎంతసేపు పడుతుంది?"

"మూడు గంటలు. ఎంత తొందరపెట్టినా మూడు గంటలే."

డాక్టరమ్మ గోడ గడియారం చూసింది. పదకొండూ నలభై. "నర్సమ్మా, సూది ట్రే తీసుకురండి. ఇప్పుడే తీసేద్దాం."

*

పన్నెండూ పదిహేనుకి ఆ చిన్న గాజుగొట్టం నత్తక్క చేతికి వచ్చింది. అడుగున రెండు చెంచాల నీరు, మంచినీళ్లంత తేటగా. లిఫ్టు ముందు క్యూ ఉంది. ఆవిడ మెట్లవైపు తిరిగింది. గొట్టాన్ని గుండెకి అదుముకుని రెండేసి మెట్లు దిగుతూ, నాలుగు అంతస్తులూ పరుగే పరుగు. తెల్లకోటు వెనక జెండాలా ఎగురుతోంది. ల్యాబు తలుపు భుజంతో నెట్టుకుని వచ్చిన ఆవిడను చూసి పక్క బల్లవాడి చేతిలో పిపెట్టు జారిపడింది.

"నిప్పంటుకుందా ఏంటక్కా?"

"నోరు మూసుకుని ఆ ఫ్రిజ్‌లోంచి కొత్త స్లైడ్లు తియ్యి!"

ఆవిడ నోట అలాంటి మాట ఎవరూ వినలేదు. వాడు మారుమాట్లాడకుండా తీసి ఇచ్చాడు.

కుర్చీలో కూర్చోగానే మాత్రం ఆవిడ మళ్లీ ఆవిడే అయిపోయింది. చుక్క వేసింది. మూతపెట్టి ఆగింది. కడిగింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. హెడ్డుగారి మాట గుర్తొచ్చి నాలుగోసారి కూడా కడిగింది. రంగు వేసింది. మళ్లీ ఆగింది. గడియారం ముల్లు ఉడుంపట్టు పట్టినట్టు కదలదు. ఎవరో తెచ్చిపెట్టిన టీ తాగకుండానే చల్లారిపోయింది. హెడ్డుగారు రెండుసార్లు అటుగా వచ్చి, "నన్ను అడక్కుండా పైకి వెళ్లావట?" అన్నారు. "వెళ్లాను సార్" అంది. ఆయన ఆవిడ చేతుల నిదానం చూసి, అక్కడే చేతులు కట్టుకుని నిలబడిపోయారు.

మూడూ ఇరవైకి గదిలో లైట్లు ఆర్పించింది. కన్ను పెట్టింది.

పచ్చగా, పండగ దీపాల వరసలా కాదు, తెల్లవారేటప్పుడు పొలం మీద ఎండ పరుచుకున్నట్టు, ఆ వంపు తిరిగిన భాగమంతా వెలుగుతోంది. అంచులు తీరుగా ఉన్నాయి, నడుమ కణాల గుండ్రాలు నల్లగా తేలుతున్నాయి, వాటి చుట్టూ పచ్చటి వెలుగు. నత్తక్క కళ్లు చెమర్చాయి. తుడుచుకుని, అదే వెన్ను నీటితో చేసిన కిట్టు స్లైడు పెట్టింది. అదీ వెలిగింది.

"సార్..." అని పిలిచింది.

హెడ్డుగారు ఈసారి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఆయన తలెత్తి, కళ్లజోడు తీసి, "నేను పొరపాటుపడ్డానమ్మా" అన్నారు. తర్వాత అరిచినంత పనిచేశారు. "ఏంటలా నిలబడ్డారంతా? వార్డుకి ఫోను కొట్టండి!"

ఫోను ఈసారి మొదటి మోతకే ఎత్తారు. అవతల డాక్టరమ్మ. "పాజిటివ్!" అని నత్తక్క అరిచింది. అవతలనుంచి ఒక కేక, దబ్బున ఏదో కిందపడ్డ చప్పుడు, ఆ వెనకే డాక్టరమ్మ గొంతు కారిడార్లో దూరమవుతూ వినిపించింది. "స్ట్రెచరు ఆపండి! ఆ పిల్ల ఎక్కడికీ వెళ్లదు!"

*

ఆ సాయంత్రం నత్తక్క మళ్లీ పైకి వెళ్లింది. డాక్టరమ్మ చెప్పిన మాటలు తండ్రికి సగమే అర్థమయ్యాయి. ఆయన నత్తక్కను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, "నువ్వు చెప్పమ్మా, నాకు తెలిసేటట్టు" అన్నాడు.

"మెదడులో కణాలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయండీ. పక్క కణం పంపిన కబురు అందుకోవడానికి ప్రతి కణం ఒంటి మీద చిన్న చిన్న తలుపులుంటాయి. రిసెప్టర్లంటారు వాటిని. చాలావాటికి కబురొస్తే చాలు, తెరుచుకుంటాయి. ఒక రకం తలుపు మాత్రం మహా మొండిది. కబురూ రావాలి, అదే క్షణంలో ఈ కణం కూడా ముందే ఉత్సాహంగా ఉండాలి. ఒంటిచేత్తో చప్పట్లు మోగవు కదా, అలాగ. రెండూ కలిసి అది తెరుచుకుంటే ఆ రెండు కణాల మధ్య దారి గట్టిపడుతుంది. మనం ఏదైనా నేర్చుకోవడం, గుర్తుపెట్టుకోవడం అక్కడే మొదలు."

"మా పిల్లకి ఆ తలుపులు విరిగిపోయాయా?"

"విరగలేదు. ఒంట్లో రోగాలతో కొట్లాడే సైన్యం ఉంటుంది చూడండీ, అది పొరబడి వీటినే శత్రువనుకుంది. పట్టుకుని కణం లోపలికి లాగేస్తోంది. అందుకే కొత్తది గుర్తుండదు, లేని మాటలు వినపడతాయి, ఫిట్స్ వస్తాయి. కాని కణాలు బతికే ఉన్నాయండీ! సైన్యాన్ని ఆపితే అవి కొత్త తలుపులు పెట్టుకుంటాయి."

ఆయన టిఫిన్ డబ్బా మూత తీసి, సగం ఆవిడ ముందు పెట్టాడు. ఇద్దరూ పొద్దుటినుంచి ఏమీ తినలేదని అప్పుడే తెలిసింది.

ఆ సైన్యాన్ని ఆపే మందు పడగానే పిల్ల లేచి కూర్చుంటే అది కథే అయ్యేది. ముందు ఇంకా దిగజారింది. శ్వాస మందగించి తొమ్మిది రోజులు యంత్రం మీద ఉంది. స్కానింగులో అండాశయం మీద రేగుపండంత గడ్డ దొరికింది. అందులో నరాల కణాలూ ఉన్నాయని, వాటి మీద మొదలైన యుద్ధమే మెదడు దాకా పాకిందని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషను చేసి తీసేశారు. రక్తంలోంచి ఆ యాంటీబాడీలను వడకట్టారు. నత్తక్క రోజూ భోజనం వేళ పైకి వెళ్లి కాసేపు నిలబడి వచ్చేది. లిఫ్టు దగ్గర క్యూ గురించి ఇప్పుడు ఆవిడకు బాగా తెలుసు.

ఇంట్లో ఈ సంగతంతా విన్న అత్తగారు రెండు రోజులు ముద్ద సరిగ్గా తినలేదు. "జబ్బు పిల్లని పట్టుకుని తలుపు మొహాన వేశానే. నా నోట్లో పుండు పడ!" అని ఒకటే గొణుగుడు. ఆరో వారం పోస్టమ్మాయి కళ్లు మనుషుల వెంట తిరగడం మొదలైందని తెలిసి, "నేనొస్తా పద" అని చెప్పులేసుకుంది.

అప్పటినుంచి అత్తగారు రోజూ హాజరు. మాటైతే వచ్చింది పిల్లకి. గుర్తే నిలవదు. అయిదు నిమిషాల క్రితం చెప్పిన పేరు అడిగితే బిక్కమొహం వేసేది.

"మీరెవరు?"

"నేనే టెలిఫోన్ బామ్మని. మీ వీధిదాన్ని."

"ఓహో. నమస్కారం."

మర్నాడు మళ్లీ అదే. "మీరెవరు?" "నేనే టెలిఫోన్ బామ్మని." అత్తగారు కోడలితో, "ఏమే, ఈ జన్మలో నన్ను నేను ఇన్నిసార్లు ఎవరికీ పరిచయం చేసుకోలేదు. నాకు నేనే గొప్పదాన్నయిపోయేలా ఉన్నాను" అనేది. పైకి నవ్వేదేగాని, ఇంటికొచ్చాక కొంగుతో కళ్లు ఒత్తుకోవడం నత్తక్క చూసింది.

తొమ్మిదో రోజు అత్తగారు స్టూలు మీద కూర్చుని నోరు తెరవబోతుండగా పోస్టమ్మాయి కనుబొమ్మలు ముడిచింది. దేన్నో పట్టుకోబోతున్నట్టు వేళ్లు కదిపింది.

"నిన్న... నిన్న మీ స్వెట్టరు ఆకుపచ్చది. బొత్తాం ఒకటి లేదు."

ఆ బొత్తాం నిన్న ఆసుపత్రి గేటు దగ్గరే ఊడింది. ఈ రోజు అత్తగారు స్వెట్టరే వేసుకోలేదు, ఈ పిల్లకి ఎవరూ చెప్పి ఉండరు. నిన్న చూసింది ఈ రోజుకి నిలిచింది. ఒక రాత్రి దాటి నిలిచింది!

"ఇంకా?" అంది అత్తగారు స్టూలు దగ్గరికి జరుపుకుని. "ఇంకేం గుర్తుందే తల్లీ?"

"మీరు బామ్మగారు. స్టేషను ఎదురు మందులకొట్టు నంబరు... ఉండండి, చెప్పొద్దు, చెప్పొద్దు..." కళ్లు గట్టిగా మూసుకుంది. అంకెలు ఒక్కొక్కటే, తడబడుతూ, వెనక్కి వెళ్లి సరిదిద్దుకుంటూ, చివరిదాకా చెప్పేసింది.

"ఆఖరిది తొమ్మిది కాదే, ఆరు!" అని అరిచి అత్తగారు ఆ పిల్లను కావలించుకుని గట్టిగా ఏడ్చేసింది. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగింది. తండ్రి చేతులు ఊపాడు. అత్తగారే చెప్పింది. "ఏం కాలేదమ్మా. ఒక్క అంకె తప్పింది, అంతే. నెల్లాళ్లు గడువిస్తున్నా, సరిచేసుకోమని చెప్పు."

నెల పట్టలేదు. ఆపైన ప్రతిరోజూ ఒక ఆశ్చర్యమే. నర్సులందరి పేర్లు పట్టేసింది. వార్డు కిటికీలోంచి కనిపించే దుకాణాల బోర్డులు వరసగా అప్పజెప్పింది. జబ్బుగా ఉన్న వారాలు మాత్రం తిరిగి రాలేదు. ఎవరు ఎంత చెప్పినా అక్కడ ఖాళీ. గేటు దగ్గర జరిగింది తెలిసి, "నేనా? మిమ్మల్నా? మీరెవరని అడిగానా బామ్మగారూ!" అని పగలబడి నవ్వింది.

మూడు నెలల తర్వాత, పూర్తి నయమైందో లేదో చూడ్డానికి మళ్లీ నమూనా తీసినప్పుడు ఆమె తండ్రిని వెంటబెట్టుకుని నేరుగా ల్యాబుకే వచ్చింది. నత్తక్క స్లైడు సిద్ధం చేసేదాకా మూడు గంటలూ పక్క కుర్చీలో కూర్చుని ప్రశ్నల వాన కురిపించింది. చివరికి కన్ను పెట్టి చూసి, "ఏమీ లేదక్కా, అంతా నల్లగా ఉంది" అంది కంగారుగా.

"అలాగే ఉండాలమ్మా!"

"నిజంగా?"

"నిజంగా. ఏమీ కనపడకపోవడమే మంచి కబురు."

పోస్టమ్మాయి కుర్చీలోంచి ఎగిరి లేచింది. హెడ్డుగారు స్వయంగా వచ్చి చూసి, రిపోర్టు మీద సంతకం పెట్టారు. పోస్టాఫీసువాళ్లు ఆమె పాత వీధులు అప్పటికే వేరేవాళ్లకిచ్చేశారు. ఊరి అవతలి వైపు కొత్త లైను ఇచ్చారు, ఒక్క ఇల్లూ తెలియదు.

"బాధగా ఉందా?" అడిగింది నత్తక్క.

"బాధేంటక్కా! మూడొందల ఎనభై ఇళ్లు, అన్నీ కొత్తవే. నిన్న మొదటి రోజు. యాభై రెండు పేర్లు వచ్చేశాయి. వింటావా?" అంటూ జవాబు కోసం ఆగకుండా మొదలుపెట్టేసింది. తండ్రి గోడకి ఆనుకుని వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు. ల్యాబులో ఎవరూ పనిలోకి వెళ్లలేదు.